పికప్‌కి క్రోమ్ వీల్స్: మెరుపు చూసి కాదు, కింద ఏముందో చూసి కొనండి

ఫోన్ కొనాలంటే ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత, గ్లాస్ ఏ జనరేషన్‌ది అని పది వీడియోలు చూస్తాం. అదే బండికి వీల్స్ అనగానే "మెరుస్తోందా?" దగ్గరే ఆగిపోతాం. నిజానికి క్రోమ్ వీల్‌కి కూడా ఒక స్పెక్ షీట్ ఉంటుంది. దాన్ని చదవడం తెలిస్తే చాలు.

మా బావ ఈమధ్య సెకండ్ హ్యాండ్ ఇసుజు వీ-క్రాస్ కొన్నాడు. మన శ్రీసిటీలో తయారయ్యే పికప్ అది. 2016లో అక్కడ ప్లాంట్ మొదలైంది. ఓయూ ఆర్ట్స్ కాలేజీ ముందు క్రోమ్ వీల్స్‌తో ఫొటోలు దిగుతున్న బండ్లు చూసి, "నువ్వు బీటెక్ కదా, ఏవి కొనాలో చెప్పు" అన్నాడు. "నేను రాసేది జావా బావా, చక్రాలు కాదు" అన్నా వినలేదు. పైగా వీకెండ్ వస్తే తార్నాక నుంచి ఊరికి ఎరువు బస్తాలు వేసుకుని పోతాడు. అంటే ఇది అందం ఒక్కటే కాదు, బరువు మోసే వ్యవహారం. అందుకే కూర్చుని మొత్తం చదివాను.

మూడు రకాల 'క్రోమ్'

మొదటిది అసలు క్రోమ్ ప్లేటింగ్. అల్లాయ్ మీద నికెల్ పొర, దాని పైన క్రోమ్ పొర. ఈ పై పొర మందం సాధారణంగా అర మైక్రాన్ లోపే! తల వెంట్రుకలో నూరో వంతు కూడా ఉండదు. తుప్పును ఆపేది ప్రధానంగా కింద ఉన్న నికెల్. క్రోమ్ దానికి మెరుపు, గట్టిదనం ఇస్తుంది. కాబట్టి షాపులో అడగాల్సింది "ఎంత మెరుస్తుంది" అని కాదు, "నికెల్ ఎన్ని పొరలు, వారంటీ ఎన్నాళ్లు" అని.

రెండోది పీవీడీ. వాక్యూమ్ ఛాంబర్‌లో సన్నటి లోహపు పొర పట్టిస్తారు. ఐఫోన్ ఎక్స్ఎస్ గోల్డ్ ఫ్రేమ్ గుర్తుందా? ఆ రంగు ఈ టెక్నాలజీతో వచ్చిందే. వీల్స్‌లో అయితే దాని పైన క్లియర్ కోట్ కూడా వేస్తారు. అంటే దీన్ని కారు పెయింట్‌లా చూసుకోవాలి.

మూడోది క్లాడ్. మామూలు అల్లాయ్ మీద క్రోమ్ పూసిన ప్లాస్టిక్ తొడుగు అంటిస్తారు. వేలితో తట్టండి, ప్లాస్టిక్ చప్పుడు వస్తే అదే. పగిలితే రిపేర్ ఉండదు.

సైజ్ సరిపోతే సరిపోదు

వీ-క్రాస్, టయోటా హైలక్స్ రెండింటికీ ఆరు బోల్టులే, పీసీడీ 6×139.7. కానీ అది కలిసినంత మాత్రాన వీల్ ఫిట్ అయినట్టు కాదు. వెడల్పు, ఆఫ్‌సెట్, మధ్య రంధ్రం, నట్ కూర్చునే ఆకారం అన్నీ కలవాలి. ముఖ్యంగా వీల్ వెనక ముద్రించిన లోడ్ రేటింగ్ చూడండి. బండికి అనుమతించిన వెనక యాక్సిల్ బరువులో సగానికి అది తగ్గకూడదు. ఆ ముద్ర లేని వీల్‌ని, ధర ఎంత తక్కువైనా, బస్తాలు మోసే బండికి వేయొద్దు.

ఇంకోటి: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు. బయటికి పొడుచుకొచ్చే వెడల్పు వీల్స్ జోలికి పోవద్దు.

తార్నాకలో అసలు విలన్ ఎవరు?

చలి దేశాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు క్రోమ్‌ని తినేస్తుంది. మనకి ఆ గొడవ లేదు. మన విలన్లు బోరు నీళ్లు, యాసిడ్.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఎండలో ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి. ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లతో బండి కడిగేవాళ్లు ఉన్నారు. వాటిలో లవణాలు ఇంకా ఎక్కువ, మచ్చలు కూడా ఎక్కువే. ఆ మచ్చలు పోవాలని కొన్ని వాషింగ్ సెంటర్లలో బాత్రూమ్ యాసిడ్ కొడతారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, క్రోమ్‌ని కరిగిస్తుంది. ఒక్కసారి పొర పోయిందంటే పాలిష్ పెట్టినా తిరిగి రాదు. బండి ఇచ్చేటప్పుడే "యాసిడ్ వద్దన్నా" అని గట్టిగా చెప్పండి.

వారానికి ఇరవై నిమిషాలు

వీల్ చల్లారాకే కడగండి. కార్ షాంపూ, మెత్తటి బట్ట, చివరి బకెట్ నల్లా నీళ్లు. ఆరకముందే మైక్రోఫైబర్‌తో తుడవండి, సగం సమస్య అక్కడే తీరిపోతుంది. బ్రేక్ దుమ్ములో ఇనుము ఉంటుంది కాబట్టి వారాల తరబడి వదలొద్దు. వానాకాలంలో లోపలి వైపు బురద కూడా తీయండి. నెలకోసారి వ్యాక్స్ పట్టిస్తే మంచిది. బ్యాలెన్సింగ్‌లో అంచుకి కొట్టే వెయిట్లు కాకుండా లోపల అంటించేవి అడగండి. టైరు కూర్చునే అంచు దగ్గర క్రోమ్ లేస్తే గాలి మెల్లగా దిగుతుంది. తరచూ గాలి తగ్గుతుంటే పంక్చర్ వెతికే ముందు అక్కడ చూపించండి. కొత్త వీల్స్ వేసిన వంద కిలోమీటర్ల లోపు నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి.

ఇంకో లెక్క కూడా ఉంది

మన గ్యాడ్జెట్లలో హెక్సావాలెంట్ క్రోమియాన్ని యూరప్ రోహ్స్ నిబంధన 2006 నుంచే కట్టడి చేసింది. అది క్యాన్సర్ కారకం. వీల్ మీద మెరిసే క్రోమ్ లోహం అది కాదు, దాన్ని ముట్టుకుంటే ప్రమాదం లేదు. కానీ సంప్రదాయ ప్లేటింగ్ తొట్టెలో ఉండేది అదే. ఆ రిస్క్ అక్కడ పనిచేసే మనిషిది, సరిగ్గా శుద్ధి చేయకపోతే ఆ చుట్టుపక్కల నీళ్లది. మన దగ్గర ముచ్చటగా ఉందని మాటిమాటికీ రీ-క్రోమ్ చేయించేముందు ఇది గుర్తుంచుకోండి.

నా వెర్డిక్ట్

బండి రోజూ బరువు మోస్తుందా, బయట వాషింగ్‌కి ఇస్తారా? కంపెనీ అల్లాయ్ ఉంచుకోండి, మిగిలిన డబ్బు మంచి టైర్లకి పెట్టండి. మెరుపు కావాల్సిందే అంటే, లోడ్ రేటింగ్ ఉన్న పీవీడీ తీసుకోండి. అసలు క్రోమ్ మాత్రం సొంత చేతులతో కడిగి తుడిచే ఓపిక ఉన్నవాళ్లకే. క్లాడ్? స్కిప్.