కొండదారిలో ఒంటరి నడక: సహనశక్తి పోటీకి శిక్షణ

సహనశక్తి అంటే ఏమిటో, గుండె, ఊపిరితిత్తులు దానికి ఎలా అలవాటుపడతాయో మీరు ఇంతకుముందు చదివారు. ఇప్పుడు ఒక నిజమైన పోటీని ఉదాహరణగా తీసుకుందాం. ఇంగ్లండ్‌లోని ఈడేల్ నుంచి స్కాట్లండ్ సరిహద్దు అవతలి కిర్క్ యెట్‌హోమ్ దాకా పెన్నైన్ కొండల మీదుగా ఒక కాలిబాట ఉంది. దాని పేరు పెన్నైన్ వే. పొడవు 268 మైళ్లు, అంటే సుమారు 431 కిలోమీటర్లు. ఏటా జనవరిలో ఈ బాట మీద స్పైన్ రేస్ జరుగుతుంది. గడువు 168 గంటలు. తిండి, నిద్ర, విశ్రాంతి అన్నీ ఆ గడువులోనే.

431ని 168తో భాగించి చూడండి. గంటకు 2.6 కి.మీ. కూడా రాదు. కూరగాయల సంచి మోసుకుంటూ బజారు నుంచి వచ్చే మనిషి ఇంతకంటే వేగంగా నడుస్తాడు. మరి కష్టం ఎక్కడుంది? రోజుకు పదహారు గంటల చీకటి, చలి, వాన, నిద్రలేమి. వీటి మధ్య ఆగకుండా కదులుతూ ఉండటంలో ఉంది. 2019లో జాస్మిన్ పారిస్ 83 గంటల 12 నిమిషాల్లో, పురుషులతో సహా అందరికంటే ముందుగా ఈ పోటీ పూర్తిచేశారు. అప్పటికి ఆమె పసిబిడ్డ తల్లి. మజిలీల్లో ఆగి బిడ్డ కోసం పాలు తీయవలసి వచ్చేది. కాబట్టి ఇలాంటి పోటీకి శిక్షణ అంటే వేగం పెంచుకోవడం మాత్రమే అనుకోకండి.

దిగడమే అసలు పరీక్ష

ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది గనుక ఎక్కడమే కష్టమని మనకు తోస్తుంది. దిగేటప్పుడు తొడ ముందు భాగంలోని కండరాలు బరువును ఆపుతూనే సాగుతాయి. దీన్ని ఎసెంట్రిక్ సంకోచం అంటారు. దీనివల్ల కండరపు పోగులు సూక్ష్మంగా దెబ్బతిని, ఒకటి నుంచి మూడు రోజులపాటు నొప్పి బాగా తెలుస్తుంది. అలిపిరి మెట్లు ఎక్కి బస్సులో దిగివచ్చే వారికి ఈ సంగతి అనుభవంలోకి రాదు! ఒకసారి ఇలా దెబ్బతిని కోలుకున్న కండరం మళ్లీ అదే పని చేసినప్పుడు చాలా తక్కువగా దెబ్బతింటుంది. ఈ రక్షణ కొన్ని వారాలు నిలుస్తుంది. చదునైన రోడ్డు మీద ఎంత నడిచినా ఇది పూర్తిగా రాదు. కొండ కావాలి.

తిండి విషయం క్లుప్తంగా చెప్పుకుందాం. శరీరంలో గ్లైకోజన్ నిల్వ పరిమితం. ఆకలి వేసేదాకా ఆగకుండా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. రెండు అరటిపండ్లతో అది సమకూరుతుంది.

కాలం లెక్క, వెనుదిరిగే వేళ

పెన్నైన్ వే మీద ఉన్న పెనిగెంట్ (694 మీ.), దాని పొరుగునే ఉన్న వెర్న్‌సైడ్ (736 మీ.), ఇంగిల్‌బరో (723 మీ.) కలిసి యార్క్‌షైర్ త్రీ పీక్స్. హోర్టన్ గ్రామం నుంచి మూడూ ఎక్కి తిరిగి రావడానికి సుమారు 38.6 కి.మీ. నడవాలి, మొత్తం 1,585 మీటర్ల ఎత్తు ఎక్కాలి. శిక్షణకు చక్కని దారి.

1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక సూత్రం చెప్పారు. మెట్రిక్ కొలతల్లో దాన్ని ఇలా వాడుతున్నారు: ప్రతి 5 కి.మీ.కు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. దాని ప్రకారం ఇక్కడ 7.7 గంటలకు 2.6 గంటలు కలిపితే దాదాపు 10 గంటల 20 నిమిషాలు. విశ్రాంతి ఇందులో లేదు. జనవరి మధ్యలో అక్కడ పగలు ఎనిమిది గంటలకు మించదు. అంటే కొంత దూరం చీకట్లో నడవక తప్పదు. కాళ్లలో సత్తువ ఉన్న తెల్లవారుజామునే ఆ చీకటి నడక ముగించుకోవడం మేలు. రాళ్ల మీద మంచు పేరుకుని ఉంటే మాత్రం ఆ రోజు ప్రయాణం మానుకోవాలి.

ఉదయం 6కు బయలుదేరారనుకోండి. మొదటి కొండ దాటి, దాదాపు 16 కి.మీ. నడిచి రిబిల్‌హెడ్ చేరడానికి లెక్క ప్రకారం నాలుగు గంటలు. మీరు 11.30కి చేరారు. అంటే లెక్క కంటే 1.375 రెట్లు పట్టింది. మిగిలిన దారికి సూత్రం చెప్పేది 6 గంటల 20 నిమిషాలు. మీ నడకతో అది 8 గంటల 40 నిమిషాలు దాటుతుంది. ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. తోడు లేదు, చీకటి, అలసిన కాళ్లు, ముందు ఇంగిల్‌బరో నుంచి సుదీర్ఘమైన దిగుడు. రిబిల్‌హెడ్‌లో రైల్వే స్టేషన్ ఉంది. హోర్టన్ అదే లైనులో తరువాతి స్టేషను. రైలు వేళలు ముందే రాసుకున్న వారికి నిర్ణయం సులువు.

జట్టులో ఎవరో ఒకరు “ఇక చాలు” అంటారు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట మీకు మీరే చెప్పుకోవాలి. ఏ దారిన వెళుతున్నారో, ఎన్నింటికి తిరిగి వస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వండి. ఈల దగ్గర ఉంచుకోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదడం కొండల్లో ఆపద సంకేతం.

అభ్యాసం: ఒక దారి 20 కి.మీ., ఎక్కవలసిన ఎత్తు 900 మీ. మీరు ఉదయం 7కు బయలుదేరారు. 8 కి.మీ. నడిచి, 300 మీ. ఎక్కేసరికి 10.10 అయింది. సూర్యాస్తమయం 4.10కి. ముందుకు వెళతారా? విశ్రాంతికి ఎంత సమయం మిగులుతుందో చూపుతూ కారణం రాయండి.