చుక్క డీజిలుకు లెక్క చెప్పే యంత్రం

హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. అంటే గంటకు 15 లీటర్లు. ఇంజిన్‌కు ఆరు సిలిండర్లు, నిమిషానికి 1500 చుట్లు. రెండు చుట్లకు ఒకసారి ప్రతి సిలిండర్‌కూ డీజిలు అందాలి కాబట్టి సెకనుకు 75 సార్లు ఇంజెక్షన్ జరుగుతుంది. భాగించి చూస్తే ఒక్కోసారి లోపలికి వెళ్లేది మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు కంటే కాస్త ఎక్కువ. ఒక్క చుక్క! ఆ చుక్క ఎంత ఉండాలి, ఏ క్షణాన పడాలి? లారీ లాగే బలం, మైలేజీ, పొగ, ఇంజిన్ ఆయుష్షు అన్నీ ఈ రెండు ప్రశ్నల జవాబు మీదే ఆధారపడి ఉంటాయి. జవాబు చెప్పే యంత్రానికి నూరేళ్ల చరిత్ర ఉంది. ఇవాళ ట్యూనింగ్ పేరుతో అమ్ముడయ్యే సాఫ్ట్‌వేర్లు, కేబుళ్లు, పెట్టెలు ఆ జవాబును దిద్దడానికి పుట్టినవే.

గాలితో ఊదిన కాలం

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్‌లో తన ఇంజిన్‌ను పరీక్షకు పెట్టినప్పుడు అది ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి ఆవిరి యంత్రాలకు అందని అంకె అది. అయినా ఆ ఇంజిన్ రోడ్డెక్కడానికి పాతికేళ్లు దాటాయి. అడ్డుపడింది ఆ చుక్కే. స్పార్క్ ప్లగ్గు లేని ఈ ఇంజిన్‌లో ముందు గాలిని గట్టిగా నొక్కి వేడెక్కించాలి, ఆ ఒత్తిడిని ఎదిరించి నూనెను లోపలికి పంపాలి. డీజిల్ అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉన్న గాలితో నూనెను ఊదించాడు. ఆ గాలి కోసం పక్కనే ఒక పెద్ద కంప్రెసరు కావాలి. ఫ్యాక్టరీలకు, ఓడలకు అది సరిపోయింది, బండికి మాత్రం మోయలేని బరువైంది. 1913లో ఇంగ్లిష్ చానల్ దాటుతూ ఓడ మీంచి మాయమైన డీజిల్, తన ఇంజిన్‌తో లారీలు తిరగడం చూడనేలేదు.

చిక్కు విడిపోయింది స్టుట్‌గార్ట్‌లో. అక్కడ రాబర్ట్ బాష్ 1922లో డీజిల్ పంపు తయారీకి పూనుకున్నాడు, 1927లో పంపులు వరసగా బయటికి రావడం మొదలైంది. ఆ పంపులో ఉక్కు ప్లంజరు ప్రతిసారీ ఒకే దూరం పైకి లేస్తుంది. దాని ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి ఉంటుంది. ర్యాక్ అనే పళ్ల కడ్డీ జరిగితే ప్లంజరు కాస్త పక్కకు తిరిగి, గాడి పక్క రంధ్రాన్ని ముందుగానో ఆలస్యంగానో చేరుతుంది. చేరిన క్షణంలో ఒత్తిడి జారిపోయి ఇంజెక్షన్ ఆగుతుంది. చుక్క పరిమాణం అలా తేలుతుంది. ర్యాక్‌ను జరిపేది యాక్సిలరేటరు, వేగం మించితే వెనక్కి లాగేది గవర్నరు. ర్యాక్ ఇంతకు మించి ముందుకు పోకూడదని ఆపడానికి ఒక స్క్రూ. ఫ్యాక్టరీలో ఆ స్క్రూను సరిచేసి, తీగ చుట్టి, సీసంతో సీలు వేసేవారు.

మన దేశంలో ఈ విద్య 1951లో బెంగళూరులో మొదలైన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీతో పాతుకుపోయింది. బాష్ అండతో పుట్టిన ఆ కంపెనీ పొట్టి పేరు మైకో. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దశాబ్దాల పాటు ‘మైకో పంపు’ అంటే వేరే వివరణ అక్కర్లేకపోయింది. పంపు షాపులో టెస్ట్ బెంచి మీద పంపు బిగించి తిప్పితే, ఒక్కో లైను నుంచి వచ్చే డీజిలు ఒక్కో గాజు గొట్టంలో పడుతుంది. ఆరు గొట్టాల్లో మట్టం సమానంగా లేచేదాకా మెకానిక్ సరిచేస్తాడు. ఓనరు ‘పికప్ చాలట్లేదు’ అంటే సీలు తెంపి స్క్రూ కొద్దిగా తిప్పుతాడు. లోడుతో ఘాటు రోడ్డెక్కే బలం వస్తుంది, వెనక నల్లపొగా వస్తుంది. లారీ ట్యూనింగ్ తొలి రూపం ఇదే. పనిముట్లు ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, అనుభవమున్న చెయ్యి.

స్క్రూ పోయి పట్టిక వచ్చింది

స్క్రూకు తెలిసినవి చాలా తక్కువ. బయట చలా ఎండా, గాలి ఎంత పలచన, టర్బో ఎంత గాలి తోస్తోంది అన్న సంగతులు దానికి పట్టవు. టర్బో ఒత్తిడిని బట్టి ర్యాక్‌ను సవరించే పొరలు కొన్ని పంపులకు తగిలించినా అవి ఒక్క సంగతినే చూడగలిగాయి. కాలుష్యం మీద చట్టాలు బిగిసేకొద్దీ అన్నిటినీ ఒకేసారి చూసే బుర్ర అవసరమైంది. పెట్రోలు కార్లలో బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ 1967లో ఫోక్స్‌వ్యాగన్‌తో వచ్చింది. పెద్ద లారీల లోకంలో ఆ మలుపు తిప్పింది అమెరికాలోని డెట్రాయిట్ డీజిల్, 1985లో. 1995లో జపాన్‌కు చెందిన డెన్సో, హినో లారీకి కామన్ రైల్ బిగించింది. 1997లో ఇటలీ కారు ఆల్ఫా రోమియో 156తో అది కార్లలోకీ వచ్చింది.

కామన్ రైల్‌లో పంపు పని, అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండే ‘రైల్’ అనే గొట్టంలో ఒత్తిడి పుట్టించడమే. లారీ టైరులో గాలి 8 బార్ దగ్గర ఉంటే, ఆ రైల్‌లో డీజిలు 1997 నాటికే 1350 బార్ దగ్గర ఉండేది, ఇప్పుడు 2000 దాటింది. చుక్కను కోసేది, సిలిండర్‌లోకి డీజిలు చిమ్మే నాజిలు తలుపు తెరిచే విద్యుత్ సంకేతం. ఆ సంకేతం ఎన్ని మిల్లీసెకన్లో, ఎప్పుడో నిర్ణయించేది ఈసీయూ అనే పెట్టె. ఒక చుక్కను మూడు నాలుగు తునకలుగా వేయడం కూడా దానికి చేతనవును. ముందుగా వేసే చిన్న తునక మంటను మెల్లగా రాజేసి డీజిల్ ఇంజిన్ టకటకను తగ్గిస్తుంది.

ఆ పెట్టెలో ఉన్నవి పట్టికలు. అడ్డంగా ఇంజిన్ వేగం, నిలువుగా పెడల్ నొక్కిన మేర, రెండూ కలిసే గడిలో ఒక అంకె. పిల్లలు ఎక్కాల పుస్తకంలో ఏడెనిమిదులు వెతుక్కున్నట్టు ఈసీయూ క్షణక్షణం వెతుక్కుంటుంది. రెండు గడుల నడుమ పడితే మధ్య విలువను లెక్కగడుతుంది. ఇలాంటి పట్టికలు వందల్లో ఉంటాయి. డ్రైవరు ఎంత బలం అడిగాడో ఒకటి చెబుతుంది. గేర్‌బాక్సు ఎంత తట్టుకుంటుందో మరొకటి, వచ్చిన గాలికి పొగ రాకుండా ఎంత డీజిలు వేయవచ్చో ఇంకొకటి, వేడి మించితే ఎంత తగ్గించాలో వేరొకటి. వీటిలో అన్నిటికంటే చిన్న అంకెదే చెల్లుబాటు. అందుకే ఒక్క పట్టికలో అంకెలు పెంచి ‘బండి మారలేదే’ అని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. ఇంకేదో పట్టిక అప్పటికే అడ్డం నిలబడి ఉంటుంది.

ట్యూనింగ్‌కు చోటు ఎక్కడిదంటే, ఒకే ఇంజిన్‌ను కంపెనీలే రకరకాల బలాలతో అమ్ముతాయి. కమిన్స్ వారి 15 లీటర్ల ఐఎస్‌ఎక్స్ ఇంజిన్ 400 నుంచి 600 హార్స్‌పవర్ దాకా వచ్చింది. తేడాలో పెద్ద భాగం అంకెలదే, అలాగని తక్కువ అంకె వేసినదంతా పిసినారితనం కాదు. ఆ లారీకి బిగించిన క్లచ్చు, గేర్‌బాక్సు, రేడియేటరు, టర్బోలకు తగినట్టు వేసింది కూడా కావచ్చు.

పనిముట్ల ఎంపిక

తొలి రోజుల్లో పట్టికలు ఒక చిప్పులో ఉండేవి. దాని నడినెత్తిన చిన్న గాజు కిటికీ. అతినీలలోహిత కాంతి పడితే లోపలి అంకెలు చెరిగిపోయేవి. ట్యూనర్లు చిప్పు ఊడదీసి, చదివి, అంకెలు దిద్ది, కొత్త చిప్పు రాసి పెట్టేవారు. తరువాత ఫ్లాష్ మెమరీ వచ్చి, డ్యాష్‌బోర్డు కింది సాకెట్ నుంచే రాయడం కుదిరింది. కంపెనీలూ ఊరుకోలేదు. అంకెలన్నీ కూడితే రావలసిన మొత్తం రాకపోతే ఇంజిన్ కదలనివ్వని చెక్‌సమ్, ఆ తరువాత డిజిటల్ సంతకం వచ్చాయి. సీసపు సీలు చేసిన పనినే ఇప్పుడు గణితం చేస్తోంది.

కాబట్టి ఇవాళ కొనవలసినవి రెండు వస్తువులు. ఒకటి, ఈసీయూ నుంచి ఫైలు చదివి తిరిగి రాసే పరికరం. ఇటలీకి చెందిన ఏలియన్‌టెక్ వంటి కంపెనీలు ఇవి చేస్తాయి. రెండోది, ఆ ఫైలులో ఏ అంకెలు ఏ పట్టికవో చూపించే సాఫ్ట్‌వేర్. జర్మనీ కంపెనీ ఈవీసీ చేసే విన్‌ఓఎల్‌ఎస్ ఇందులో పేరుమోసింది. అమెరికా పికప్ ట్రక్కుల వాళ్లు న్యూజిలాండ్‌లో పుట్టిన ఈఎఫ్‌ఐలైవ్, అమెరికాదే అయిన హెచ్‌పీ ట్యూనర్స్ వాడతారు. అందరికీ ఒకటే మంచిదన్న మాట ఇక్కడ చెల్లదు. లారీ పేరు కంటే ముందు ఈసీయూ మీది తయారీదారు పేరు, నంబరు, లోపలి సాఫ్ట్‌వేర్ వెర్షన్ చూడాలి. పరికరం ఆ నంబరును ఒప్పుకుంటుందా అన్నదే మొదటి వడపోత.

రెండో వడపోత కరెంటు. అమెరికా లారీల్లో 12 వోల్టులైతే, యూరప్‌లోనూ మన దగ్గరా పెద్ద లారీలు 24 వోల్టులవి. కార్ల కోసం చేసిన కేబుల్ వీటికి పనికిరాకపోవచ్చు. సాకెట్ ఆకారం, మాటలాడే పద్ధతి కూడా వేరు. భారీ వాహనాలకు జె1939 అనే ప్రత్యేక భాష ఉంది. రాస్తుండగా బ్యాటరీ వోల్టేజి పడిపోతే ఈసీయూ సగం రాతతో మూగబోతుంది. అందుకే నిలకడగా కరెంటిచ్చే సప్లై అనవసరపు ఖర్చు కాదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. పరికరం ఈసీయూలో నిజంగా ఉన్నదాన్ని చదువుతుందా, లేక దాని నంబరు చూసి సర్వర్ నుంచి ఒరిజినల్ ఫైలు తెచ్చి ఇస్తుందా? రెండో రకంలో, మీకంటే ముందు ఎవరైనా వేలు పెట్టి ఉంటే ఆ సంగతి మీకు తెలియదు. ‘స్లేవ్’ అనే చౌక రకం పరికరంతో ఇంకో చిక్కు ఉంది. అది చదివిన ఫైలుకు తాళం ఉంటుంది. తెరిచేది దూరాన ఉన్న ‘మాస్టర్’ ఒక్కడే. మీ లారీలో ఏం మారిందో మీరు చూడలేరు. చేయి తిరగని వాళ్లకు అదే క్షేమమని వాదించవచ్చు, కానీ నమ్మకం మొత్తం ఆ మాస్టర్ మీదే పెట్టినట్టు.

నాలుగోది, నడుస్తున్న బండిలో అంకెలు రికార్డు చేసే సౌకర్యం. రైల్ ఒత్తిడి ఎంత కోరితే ఎంత వచ్చింది? టర్బో ఒత్తిడి ఎంత? పొగగొట్టంలో వేడి ఎంత? కిలో డీజిలు పూర్తిగా మండడానికి పద్నాలుగున్నర కిలోల గాలి కావాలి. పొగ రాకూడదంటే అంతకు చాలా ఎక్కువే ఉండాలి. గాలి పెరగకుండా డీజిలు పెంచితే మిగిలేవి మసి, వేడి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుందని, చాలా పిస్టన్లు ఆ లోహపు మిశ్రమాలతోనే చేస్తారని గుర్తుంచుకుంటే ఘాటు మీద ఆ వేడి అంకెను ఎందుకు చూడాలో తెలుస్తుంది.

అంకెలు ఆడిన అబద్ధాలు

చుక్కను కాస్త ముందుగా వేస్తే మంట వేడి పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది, దాంతోపాటు నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరుగుతాయి. ఈ మెలికను కంపెనీలే వాడుకున్నాయి. 1998లో అమెరికా ప్రభుత్వం ఏడు భారీ డీజిల్ ఇంజిన్ కంపెనీలను పట్టుకుంది. పరీక్షలో బుద్ధిగా ఉండి, హైవే మీద నిలకడగా పరుగెత్తేటప్పుడు మైలేజీ కోసం ఆక్సైడ్లను వదిలేసే ప్రోగ్రాములు దాదాపు 13 లక్షల ఇంజిన్లలో ఉన్నాయని తేల్చింది. ఆ కంపెనీలతో కుదిరిన రాజీ విలువ 100 కోట్ల డాలర్ల దాకా వెళ్లింది. 2015లో ఇదే తరహా ఫోక్స్‌వ్యాగన్ కార్ల కుంభకోణం లోకమంతా తెలిసింది గానీ, పాఠం అంతకు పదిహేడేళ్ల ముందే లారీలు చెప్పాయి.

ఇప్పుడు అదే పని ఓనర్లు చేస్తున్నారు. పొగలోని మసిని పట్టే వడపోతనూ, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా వ్యవస్థనూ సాఫ్ట్‌వేర్‌తో పని మాన్పించడం. ఒక దశాబ్దంలో అయిదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్పుల్లో ఇది జరిగిందని అమెరికా పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. మన దగ్గర 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణం అమల్లో ఉంది. తయారీదారు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చవద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అంటుంది. ఫైలు మార్చితే వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది. పైగా ఆ పొగగొట్టం పక్కనే రోజంతా గడిపేది డ్రైవరు, క్లీనరు.

ఇక మైలేజీ వాగ్దానాల సంగతి. మంచి లారీ ఇంజిన్ ఈనాడు ఇంధన శక్తిలో 45 శాతం దాకా పనిగా మారుస్తోంది. ఎవరైనా సాఫ్ట్‌వేర్ ఒక్కదానితో పాతిక శాతం మైలేజీ పెంచుతానంటే, దాన్ని 56 శాతానికి తీసుకెళ్తానని అన్నట్టే. అంత పని చేసే లారీ ఇంజిన్ ఇంకా రోడ్డు మీద లేదు. నాలుగైదు శాతం అంటే కూర్చుని వినవచ్చు, పది శాతం దాటితే రుజువు అడగాలి.

అందుకే కొనే వరస మార్చుకోవాలి. అంకెలు రాసే పరికరం కంటే ముందు, నడుస్తున్న బండి అంకెలు చదివే పరికరం కొనాలి. దాన్ని బిగించి లోడు లారీని ఒక ఘాటెక్కించి, రికార్డయిన అంకెలు చూడాలి. చాలా బండ్లలో లోపం పట్టికలది కాదని, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరుదో, చిరుగు పడిన టర్బో పైపుదో, అరిగిన నాజిలుదో అని అక్కడే తేలుతుంది. ఫైలు ముట్టుకోకుండానే, చట్టం దాటకుండానే పోయిన బలం తిరిగి వస్తుంది.