ఎలుక గోరు జారితే కాయ దక్కినట్లే!

గోరు అనగానే మనకు పిల్లల మెడలో పులిగోరు గుర్తొస్తుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక దాని కొనుగోలు, అమ్మకం నేరం. కానీ అంబాజీపేట కొబ్బరి రైతు కొంప ముంచేది పులిగోరు కాదు, ఎలుక గోరు!

తోటలో లేత కాయలు రాలుతున్నాయా? ఒకటి తీసి ముచ్చిక దగ్గర చూడండి. గుండ్రటి బొక్క ఉంటే ఎలుక పనే. బొక్క లేకుంటే నీటి ఎద్దడో, పోషక లోపమో, తెగులో వెతకాలి.

కాయను కొరికేది పళ్లతోనే అయినా, అంత ఎత్తు మాను ఎక్కేది గోళ్లతోనే. మాను మీది నెర్రెల్లో వాడి గోళ్లు దిగేసి చకచకా పాకిపోతుంది. నున్నటి రేకు మీద మాత్రం దాని ఆటలు సాగవు. అందుకే 40 సెం.మీ. వెడల్పు జింకు రేకును నేల నుంచి 2 మీటర్ల ఎత్తున మాను చుట్టూ కట్టుకోవాలి. మేకులు దిగ్గొట్టకండి. ఆ గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు చేరి గుడ్లు పెడుతుంది. తీగతో కడితే చాలు. దింపు వాళ్లకూ ముందే చెప్పండి, రేకు మీద వాళ్ల కాలూ జారుతుంది.

రేకు కట్టినా కాయ రాలుతోందంటే ఒకసారి తలెత్తి చూడండి. మట్టలు కలిసిపోతే ఎలుక నేలకు దిగకుండానే చెట్టు చెట్టూ తిరిగేస్తుంది. మానుకు మిరియాల తీగ పాకించినా, కోకో కొమ్మ ఆనినా అంతే. కొమ్మలు కత్తిరించండి. కొత్తగా నాటేవారు 25 అడుగుల ఎడం పాటించాలి.

మట్టలు కలిసిన తోటలోనూ, ముందే మొవ్వులో కాపురం పెట్టిన ఎలుకలకూ రేకు పనిచేయదు. అక్కడ 10 గ్రాముల బ్రోమోడయోలోన్ బిళ్లను ప్రతి 5 చెట్లకు ఒక చెట్టు మొవ్వులో ఉంచాలి. 12 రోజుల తర్వాత మరోసారి పెట్టాలి. చేతికి తొడుగు వేసుకోండి. పిల్లలకు, పశువులకు అందనీయకండి. చచ్చిన ఎలుకలను లోతుగా పూడ్చాలి. వాటిని తింటే చావుపిట్టకూ ముప్పే.

చావుపిట్టను అపశకునమని తరిమేవారున్నారు. రాత్రిపూట చప్పుడు లేకుండా వచ్చి, రెండు గోళ్లు ముందుకు, రెండు వెనక్కు చాచి ఎలుకను ఒడిసిపట్టేది అదే. పైసా కూలి అడగని కాపలాదారు. దాన్ని తోటలో ఉండనివ్వండి.

సందేహాలుంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో అడగండి. ముందు మాత్రం రేపు పొద్దున్నే రాలిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి!