మన ఊరి క్రీడా సంఘం పైసలు: లెక్క ఎట్లుండాలి?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల యువజన క్రీడా సంఘాల సభ్యులకు, తల్లిదండ్రులకు

ఊరూరా తెలంగాణ క్రీడా ప్రాంగణాల ఏర్పాటు 2022లో మొదలైంది. 2024 డిసెంబరులో సీఎం కప్ పోటీలు జరిగాయి. గ్రౌండ్ ఉంది, పోటీ ఉంది. మరి బాల్, నెట్, జెర్సీలు, బస్సు చార్జీలు? వాటికి మనమే చందాలు వేసుకుంటాం. బీడీలు చేసే తల్లి, మరమగ్గం నడిపే తండ్రి, గల్ఫ్‌లో ఉన్న అన్న కష్టం అందులో ఉంటుంది.

తేడా ఎక్కడొస్తది?

చందా అంతా ఒక్కరి సొంత ఖాతాలో పడినప్పుడు. ఆయన రూపాయి కూడా తినకపోవచ్చు. కానీ ఇంటి ఖర్చు, సంఘం ఖర్చు కలిసిపోతే లెక్క చెప్పలేడు. ఒకసారి అనుమానం వస్తే మళ్లీ చందా రాదు. నష్టపోయేది ఆడే పిల్లలే.

ఏం చేయాలి?

1. సంఘాన్ని రిజిస్టర్ చేయించండి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండిన ఏడుగురు ఉంటే చాలు. ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి.

2. సంఘం పేరు మీదే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకోండి. ఇద్దరి సంతకాలు ఉంటేనే పైసలు తీసేలా తీర్మానం రాయండి.

3. ప్రతి చందాకు రశీదు, ప్రతి ఖర్చుకు బిల్లు ఉండాలి.

4. మూడు నెలలకోసారి అందరి ముందు లెక్క చదవండి.

ఉదాహరణకు: 20 మంది పిల్లలు, నెలకు రూ.50 చొప్పున మూడు నెలలకు రూ.3,000. దాత ఇచ్చింది రూ.7,000. మొత్తం రూ.10,000. జెర్సీలకు రూ.5,000, బాల్స్, నెట్‌కు రూ.2,200, చార్జీలకు రూ.1,600. మిగిలింది రూ.1,200. పాస్‌బుక్‌లో కూడా అదే రూ.1,200 కనిపించాలి.

గల్ఫ్ నుంచి పంపితే?

భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు వివరాలు రాసిపెట్టుకోండి. వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవారి పైసలు మాత్రం కేంద్ర హోం శాఖ అనుమతి లేకుండా తీసుకోవద్దు.

నెల చందా కట్టలేని పిల్లలను ఆపకండి. మాఫీ ఎంతమందికో లెక్కలో రాయండి, పేర్లు మాత్రం చదవకండి.

సందేహాలుంటే జగిత్యాల, కోరుట్లవారు జగిత్యాలలో, సిరిసిల్లవారు సిరిసిల్లలో జిల్లా యువజన, క్రీడల అధికారి కార్యాలయంలో అడగండి. ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి గ్రూపులో పంపండి.