గాల్‌బ్లాడర్ తీశాక ఒళ్లెందుకొస్తుంది? అంకెలు చెప్పే లెక్క

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ తర్వాత బరువు పెరిగితే నాగాయలంకలోనైనా గుడివాడలోనైనా వినిపించే మాట ఒకటే: ‘ఆ సంచి తీసేశారుగా, కొవ్వు అరగక ఒళ్లొచ్చేసింది’ అని. ఇది నిజం కాదు. అరగని కొవ్వు ఒంటికి పట్టదు, విరేచనంలో పోతుంది. నిజంగా అరక్కపోతే మనిషి చిక్కిపోవాలి.

సంచి పోయినా రసం ఆగదు

కొవ్వును అరిగించే పిత్తరసాన్ని తయారుచేసేది కాలేయం. రోజుకు సుమారు 500 నుంచి 1000 మిల్లీలీటర్లు. గాల్‌బ్లాడర్ దాచుకునేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే, అదీ చిక్కబరిచి. దివిసీమ వారికి తెలిసిన మాటల్లో చెప్పాలంటే, చెరువు పూడ్చినా కాలువ పారుతూనే ఉంటుంది. రసం నేరుగా చిన్నపేగులోకి దిగుతుంది. అందుకే కొందరికి కొన్నాళ్లు విరేచనాలు పలచగా అవుతాయి. తిన్న కొవ్వు మాత్రం చాలామందికి మామూలుగానే అరుగుతుంది.

పెరిగింది ఎక్కడ నుంచి?

గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నప్పుడు నూనె తగిలితే కుడి డొక్కలో నొప్పి. భయపడి వేపుళ్లు మానేస్తారు, రాత్రిపూట మజ్జిగన్నంతో సరిపెడతారు, బరువు తగ్గుతారు. ఆపరేషన్‌తో నొప్పి పోతుంది, ఆకలి తిరిగొస్తుంది. కాబట్టి పోల్చాల్సింది ఆపరేషన్ నాటి బరువుతో కాదు, నొప్పి మొదలవక ముందు బరువుతో.

రెండోది విశ్రాంతి. జర్మనీలో 1985లో ఎరిక్ మ్యూహె మొదలుపెట్టిన ల్యాప్రోస్కోపీ పద్ధతి 1990లో మన దేశానికి వచ్చింది. చిన్న రంధ్రాలతో చేసే ఈ ఆపరేషన్ తర్వాత చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికొస్తారు, వారం రెండు వారాల్లో మామూలు పనులు చేసుకోగలుగుతారు. ఇంట్లోవాళ్లు మాత్రం ‘పచ్చి ఒళ్లు’ అంటూ నెలల తరబడి కదలనివ్వరు. పప్పన్నంలో నెయ్యి పెరుగుతుంది, చూడ్డానికి వచ్చినవాళ్లు బందరు లడ్డు తెస్తారు.

చెంచా నెయ్యి, అంటే 5 గ్రాములు, 45 క్యాలరీలు. 28 గ్రాముల బియ్యం 100 క్యాలరీలు. రోజుకు 100 క్యాలరీలు అదనంగా చేరితే మొదటి ఏడాదిలో సుమారు 2 కిలోలు, అలాగే కొనసాగితే మూడేళ్లకు 4 కిలోల దాకా పెరగొచ్చు. ఒక్కరోజు కూడా ఎక్కువ తిన్నట్టు అనిపించదు. అందుకే ‘ఏమీ తినకుండానే పెరిగాను’ అనేవాళ్లది అబద్ధం కాదు.

ఆపరేషన్‌ను ముద్దాయిని చేయకండి

రాళ్లు ఎక్కువగా వచ్చేది ఆడవాళ్లకు, నలభై దాటినవాళ్లకు, స్థూలకాయులకు, షుగర్ ఉన్నవాళ్లకు. బరువు పెరిగేదీ చాలావరకు వీళ్లే. గాల్‌బ్లాడర్ తీసేసినవారిలో ఫ్యాటీ లివర్ ఎక్కువగా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. రాళ్లకూ ఫ్యాటీ లివర్‌కూ మూలాలు చాలావరకు ఒకటే కాబట్టి తప్పంతా ఆపరేషన్‌దే అనలేం.

అలాగని ‘తిండి తగ్గించుకో’ అని కొట్టిపారేయడమూ తప్పే. కారణం తెలియకుండా పెరిగితే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. అందులో చూసే టీఎస్‌హెచ్ సాధారణంగా 0.4 నుంచి 4 మధ్య ఉంటుంది. మూణ్నెల్ల షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ 5.7 లోపు ఉండాలి, 6.5 లేదా అంతకు మించితే మధుమేహమే. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక చికిత్స మందులూ బరువు పెంచుతాయి. వాడే మందులన్నీ డాక్టరుకు చూపించండి, సొంతంగా మాత్రం ఆపకండి. వారంలోనే రెండు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, ఆయాసం వస్తే అది కొవ్వు కాదు, నీరు. గుండె, మూత్రపిండాలు, కాలేయం పరీక్షించాలి. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. దాని బోధనాస్పత్రి దివిసీమకూ గుడివాడకూ అందుబాటులోనే ఉంది.

మన శరీర తత్వానికి నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తుకు తగ్గ బరువును చెప్పే బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. డాక్టరు సరేనన్నాక రోజూ అరగంట వేగంగా నడవండి, సుమారు 100 క్యాలరీలు ఖర్చవుతాయి. నెలకోసారి టేపుతో నడుము కొలిచి రాసుకోండి. ఆ కాగితం, పరీక్షల చీటీలు పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.