పెరటి చేపల తొట్టెకు పైపులు, వాల్వుల ఎంపిక

ఆలేరు వాగుపై 1922లో పూర్తయిన పోచారం జలాశయం నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల పొలాలను తడుపుతున్నది. మంజీరపై 1923–31 మధ్య నిర్మితమైన నిజాంసాగర్ నీరు బాన్సువాడ, బోధన్ వైపు సాగుతున్నది. కామారెడ్డి పరిసరాల మెట్ట భూములకు మాత్రం గ్రానైటు రాతిపొరల నుండి వచ్చే బోరునీరే ప్రధానాధారం. కాలువ తూము, బోరు మోటారు, పీవీసీ పైపు ఈ ప్రాంత రైతుకు చిరపరిచితాలు. అందువల్ల పెరట్లో పెద్ద చేపల తొట్టె కట్టుకునేటప్పుడు పొలంలోని అలవాట్లే ఇంటికి వస్తాయి. వాటిలో కొన్ని ఉపకరిస్తాయి, కొన్ని చేపల ప్రాణానికే ముప్పు తెస్తాయి.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో నీటిని శుద్ధిచేసి తిరిగి వాడే పునఃచక్రీయ విధానానికి, పెరటి స్థాయి యూనిట్లకు కూడా చోటు లభించింది. అలంకార చేపలకైనా, తినే చేపలకైనా ఈ విధానపు సూత్రం ఒక్కటే. తొట్టెలోని నీరు వడపోత గదికి దిగుతుంది. అక్కడి నుండి పంపు దానిని తిరిగి తొట్టెకు ఎక్కిస్తుంది. ఈ ప్రవాహం ఆగితే చేపలు విసర్జించే అమ్మోనియా పేరుకుంటుంది, కరిగిన ప్రాణవాయువు తరిగిపోతుంది. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొరమీను గాలిని నేరుగా పీల్చగలదు కనుక కొంతసేపు తట్టుకుంటుంది. రోహు, కట్ల వంటివి చిక్కగా పెంచిన తొట్టెలో గంటలోపే ప్రాణాపాయంలో పడవచ్చు. కాబట్టి పైపులు, వాల్వుల ఎంపిక కేవలం మేస్త్రీకి వదిలివేయదగిన విషయం కాదు.

పైపు లావును నిర్ణయించేది ప్రవాహమే

పంపు మూతి ఎంత ఉంటే పైపు అంత వేయడం సర్వసాధారణం. సరైన పద్ధతి దీనికి భిన్నమైనది. గంటకు ఎన్ని లీటర్లు పారాలో ముందు నిర్ణయించి, ఆ ప్రవాహానికి తగిన లోపలి వ్యాసాన్ని ఎంచుకోవాలి.

ఉదాహరణకు 2.5 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు నీటి లోతు గల తొట్టెలో 5,000 లీటర్లు పడతాయి. నీరంతా గంటకొకసారి వడపోత గుండా వెళ్ళాలంటే గంటకు 5,000 లీటర్ల ప్రవాహం అవసరం. 25 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల పైపులో ఈ నీరు సెకనుకు 2.8 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 40 మిల్లీమీటర్ల పైపులో 1.1 మీటర్ల వేగం సరిపోతుంది. ఘర్షణ వల్ల కలిగే ఎత్తు నష్టం మొదటి పైపులో 10 మీటర్ల పొడవుకు సుమారు 3 మీటర్లు; రెండవదానిలో దాదాపు 0.3 మీటరు. వ్యాసం కొద్దిగా పెరిగినా నష్టం పది రెట్లు తగ్గడానికి కారణం, ఘర్షణ నష్టం వ్యాసపు ఐదవ ఘాతానికి దాదాపు విలోమంగా మారడమే.

ఈ తేడాను కరెంటు లెక్కలో చెబితే రైతు కుటుంబానికి వెంటనే అర్థమవుతుంది. పంపు సామర్థ్యం 40 శాతం అనుకుంటే, సన్నని పైపు వల్ల అదనంగా దాదాపు 100 వాట్లు ఖర్చవుతాయి. పంపు రాత్రింబవళ్ళు నడుస్తుంది కనుక ఏడాదికి ఇది 800 యూనిట్లకు పైమాటే. వ్యవసాయ మోటారుకు ఉచిత విద్యుత్తు ఉన్నందున పొలంలో ఈ నష్టం రైతు కంటికి కనబడదు. ఇంటి మీటరుపై నడిచే పంపు విషయంలో అది ప్రతి నెలా బిల్లుగా వస్తుంది.

తొట్టె నుండి వడపోతకు నీరు తనంతట తానే దిగే పైపు ఇంకా లావుగా ఉండాలి. దానిని నెట్టే పంపు లేదు. కొద్ది సెంటీమీటర్ల మట్టం తేడాయే దానికి బలం. ఇదే ప్రవాహానికి 60 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉంటే వేగం సెకనుకు అర మీటరు ఉంటుంది. మలినాలు అడుగున పేరుకోకుండా కొట్టుకుపోవడానికి అది చాలును. మలుపు వద్ద ఒకే 90 డిగ్రీల ఎల్బోకు బదులు రెండు 45 డిగ్రీల బెండ్లు వాడితే ప్రవాహానికి అడ్డు తగ్గుతుంది.

పీడన శ్రేణి, కొలతల చిక్కు

పది మీటర్ల నీటి ఎత్తు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో పీడనంతో సమానం. పెరటి తొట్టెలో ఎత్తు రెండు మూడు మీటర్లకు మించదు. కనుక ఐఎస్ 4985 ప్రమాణం గల 4 కిలోల శ్రేణి యూపీవీసీ పైపు పీడనం దృష్ట్యా సరిపోతుంది. 10 కిలోల పైపు కొంటే ధర పెరగడమే కాక, గోడ మందం వల్ల లోపలి దారి సన్నబడుతుంది. ఎండ తగిలే చోట పైపుకు రంగు వేయాలి లేదా మట్టిలో పూడ్చాలి. లేనిచో అతినీలలోహిత కిరణాల వల్ల అది పెళుసుబారుతుంది.

కొలతల్లో ఒక చిక్కు ఉన్నది. వ్యవసాయ పైపులను బయటి వ్యాసంతో మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఇళ్ళలో వాడే షెడ్యూల్ 40, 80 పైపులకు అంగుళాల కొలత వర్తిస్తుంది. రైతులు రెండంగుళాల పైపు అని పిలిచే వ్యవసాయ పైపు బయటి వ్యాసం 63 మిల్లీమీటర్లు; షెడ్యూల్ రకం రెండంగుళాల పైపుది 60.3 మిల్లీమీటర్లు. అంగుళంన్నర రకంలో ఇవి వరుసగా 50, 48.3. ఒక రకం పైపును మరొక రకం ఫిట్టింగులో పెట్టి, ఖాళీని సాల్వెంటుతో నింపితే మొదట నిలిచినట్లే ఉండి, కొన్నాళ్ళకు కారుతుంది. పైపు, ఎల్బో, వాల్వు అన్నీ ఒకే కొలత పద్ధతిలో కొనడమే దీనికి పరిష్కారం.

ఏ వాల్వు ఎక్కడ

వాల్వు దేనితో తయారయిందో మొదట చూడాలి. మోటారు వద్ద సాధారణంగా కనిపించే ఇత్తడి గేట్ వాల్వులు, జింకు పూత గల ఇనుప పైపులు చేపల తొట్టెకు తగవు. వాటి నుండి కరిగే రాగి, జింకు చేపల మొప్పలకు హాని చేస్తాయి. కఠినజలంలో ఈ విషప్రభావం కొంత తగ్గుతుంది కాని, అదే నీరు తిరిగి తిరిగి పారే వ్యవస్థలో లోహం పోగుపడే అవకాశం ఉన్నది. కనుక ప్లాస్టిక్ వాల్వులే శ్రేయస్కరం.

పూర్తిగా తెరవడానికి, పూర్తిగా మూయడానికి బాల్ వాల్వు ఉత్తమం. రెండు వైపులా యూనియన్ ఉన్న రకాన్ని ఎంచుకుంటే పైపు కోయకుండానే విప్పి శుభ్రం చేయవచ్చు. బోరునీటిలో సున్నపు లవణాలు ఎక్కువగా ఉన్న చోట గుండు చుట్టూ తెల్లని పొర కట్టి వాల్వు బిగుసుకుపోతుంది కనుక, ఈ సౌకర్యానికి అయ్యే అదనపు ఖర్చు వృథా కాదు. నెలకొకసారి వాల్వును ఆ చివర నుండి ఈ చివర వరకు తిప్పడం కూడా అలవాటు కావాలి.

ప్రవాహాన్ని తగ్గించవలసి వస్తే పంపు తర్వాతి వైపు వాల్వునే తిప్పాలి. పంపుకు నీరందే వైపున వాల్వు బిగిస్తే పంపు లోపల ఆవిరి బుడగలు ఏర్పడి చక్రం దెబ్బతింటుంది. నిరంతరం సగం మూసిన వాల్వుతో నడపడం కంటే, మిగులు నీటిని వడపోత గదికే మళ్ళించే పక్కదారి మేలు.

తొట్టె నుండి నీరు దిగే పొంగు పైపుపై మాత్రం ఎటువంటి వాల్వూ ఉండరాదు. పిల్లవాడి చేయి తగిలి అది మూసుకుపోతే, పంపు ఎక్కించే నీరంతా తొట్టె అంచుపై నుండి పొర్లిపోతుంది. వడపోత గది ఎండి పంపు కాలిపోతుంది. ఆకో, చేపో అడ్డుపడే సందర్భానికై కొద్దిగా పై మట్టంలో రెండవ పొంగు పైపు అమర్చాలి.

కరెంటు పోయిన వేళ

అసలు పరీక్ష విద్యుత్తు ఆగినప్పుడే. నీరు పోసే పైపు చివర తొట్టెలో 50 సెంటీమీటర్ల లోతున మునిగి ఉన్నదనుకుందాం. పంపు ఆగగానే అదే పైపు గుండా నీరు వెనుకకు లాగబడుతుంది. పైపు చివర బయటపడే వరకు, అంటే 2,500 లీటర్లు దిగే వరకు, అది ఆగదు. 500 లీటర్ల వడపోత గది పొంగిపోగా తొట్టె సగం ఖాళీ అవుతుంది.

దీనికి నాన్ రిటర్న్ వాల్వు వేస్తే చాలుననే నమ్మకం పొలం నుండి వచ్చినదే. బోరు మోటారుపై ఎత్తయిన నీటి స్తంభం రెక్కను గట్టిగా నొక్కి ఉంచుతుంది. తొట్టె వద్ద ఆ ఒత్తిడి చాలా తక్కువ. ఒక నత్త గుల్ల, ఇసుక రేణువు, జిగురు పొర అడ్డుపడినా రెక్క పూర్తిగా మూసుకోదు. ఆ వాల్వును అదనపు రక్షణగా ఉంచుకోవచ్చు కాని, దానిపైనే ఆధారపడరాదు.

నీటి మట్టాల అమరికే నిజమైన రక్షణ. నీరు పోసే పైపు చివర నీటిమట్టానికి పైన గాని, 5 సెంటీమీటర్లకు మించని లోతున గాని ఉండాలి. అప్పుడు వెనుకకు దిగేది 250 లీటర్లే. పైపుల్లో నిలిచే నీటిని కూడా కలిపి, అంత ఖాళీని వడపోత గదిలో ఎప్పుడూ ఉంచాలి. మట్టానికి కొంచెం దిగువన పైపుకు 6 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే గాలి చొరబడి వెనుక లాగుడు తెగుతుంది. నాచు పట్టకుండా ఆ రంధ్రాన్ని శుభ్రం చేస్తుండాలి. ప్రవాహం ఆగిన సమయంలో చేపలకు బ్యాటరీతో నడిచే గాలి పంపు తప్పనిసరి.

తగ్గిన నీటిని భర్తీ చేసే ఫ్లోట్ వాల్వు విషయంలోనూ జాగ్రత్త వహించాలి. అది తెరుచుకొని ఉండిపోతే మిషన్ భగీరథ నీటిలోని క్లోరిన్ చేపలను, వడపోతలోని మేలుచేసే సూక్ష్మజీవులను దెబ్బతీస్తుంది. బోరునీటిలో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ ఉండవచ్చు. ఏ నీటినైనా విడి తొట్టెలో ఒక రోజు గాలి పట్టించి, కొలతగా కలపడమే క్షేమం.

విస్తరణ సిబ్బందికి

2025 ఆగస్టు చివరలో కామారెడ్డి జిల్లాను అతివృష్టి ముంచెత్తినప్పుడు రహదారులు తెగిపోయాయి, రైలు మార్గం కొట్టుకుపోయింది. అటువంటి రోజున మేస్త్రీ రాలేడు, విడిభాగం దొరకదు. కనుక యూనిట్‌ను చూడబోయిన శాస్త్రవేత్త గాని, విద్యార్థి గాని నీరు బాగా పారుతున్నదని తృప్తిపడి తిరిగి రాకూడదు. చేపపిల్లలను వదలక ముందే, కుటుంబ సభ్యుల సమక్షంలో పంపు స్విచ్ ఆపించాలి. వడపోత గదిలో నీరు ఎంతవరకు పెరిగి ఆగిందో చూసి గోడపై గీత గీయించాలి. నాన్ రిటర్న్ వాల్వు ఉంటే దానిని తెరిచి ఉంచి మరల పరీక్షించాలి. తర్వాత స్విచ్ వేసి, ఎవరూ చేయి పెట్టకుండానే ప్రవాహం మునుపటి స్థితికి వచ్చిందో లేదో గమనించాలి. ఈ పరీక్షకు పావుగంట చాలు. ఇందులో నెగ్గిన తొట్టెలోనే చేపపిల్లలను వదలాలి.