జకార్తా, 1962: హైదరాబాదు మాస్టారు గెలిపించిన బంగారు పతకం

ఫుట్‌బాల్‌లో మన దేశం ఒకప్పుడు ఆసియాలోకెల్లా మొదటి స్థానంలో ఉండేదంటే మన హాస్టల్ తమ్ముళ్ళలో సగం మంది నమ్మరు. మిగతా సగం నవ్వుతారు. కానీ ఆసియా క్రీడల్లో భారత జట్టు రెండుసార్లు ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచింది. మొదటిది 1951లో ఢిల్లీలో, రెండోది 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో. రెండుసార్లూ జట్టుకు శిక్షణ ఇచ్చింది ఒక్కరే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరు హైదరాబాదు. వృత్తి స్కూలు టీచరు.

గ్రూప్స్‌కి చదివే అన్నలకు ఇది ఒక్క మార్కు బిట్. బిట్‌గా చదివితే సంవత్సరం, ఊరు తప్ప ఇంకేమీ గుర్తుండదు. అందుకే ఈ సంచికలో ఆ బిట్ వెనక ఉన్న సంగతి రాయాలనుకున్నాను.

మన మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు ఫుట్‌బాల్ ఆడేది తక్కువ. సాయంత్రం స్టడీ అవర్‌కి ముందు మనం ఆడేది కబడ్డీ, వాలీబాల్, బ్యాటు దొరికితే క్రికెట్. కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. ఫుట్‌బాల్‌లో జట్టుకు పదకొండు మంది. గోల్‌కీపర్ తప్ప ఎవరూ బంతిని చేత్తో తాకకూడదు. మిగతా పది మందిలో కొందరు వెనక నిలబడి గోల్ పడకుండా కాస్తారు, కొందరు మధ్యలో బంతి అందిస్తారు, కొందరు ముందుకు పోయి గోల్ కొడతారు. కబడ్డీలో కూతకు వెళ్ళేవాడి పని వేరు, కార్నర్‌లో ఉండి పట్టేవాడి పని వేరు కదా, ఇదీ అంతే. ఈ పోలిక గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మనవాళ్ళలో చాలామంది వట్టి కాళ్ళతో ఆడేవారు. కాళ్ళకు గుడ్డ పట్టీ చుట్టుకునేవారంతే. బూట్లు కొనలేనివాళ్ళు కొందరైతే, బూట్లు వేసుకుంటే బంతి మీద పట్టు ఉండదని నమ్మినవాళ్ళు మరికొందరు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మన మీద 10-1 తేడాతో గెలిచింది. ఆ దెబ్బ తర్వాతే మన ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి చేశారు. ఆ ఒలింపిక్స్ జట్టుకు కూడా కోచ్ రహీం గారే. అంటే పది గోల్స్ పడటం ఆయన కళ్ళారా చూశారు. అక్కడి నుంచి జకార్తా వరకు పదేళ్ళు.

రహీం గారు 1909లో పుట్టారు. బి.ఏ. చదివారు, బడుల్లో పాఠాలు చెప్పారు. ఆటగాళ్ళందరికీ ఆయన రహీం సాబ్. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు కూడా హైదరాబాదు పోలీసులంటే జంకేవి.

ఆయన శిక్షణ పద్ధతిలో నాకు బాగా నచ్చినవి రెండున్నాయి. ఒకటి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీలు పెట్టడం. కుడి కాలివాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే తన్నాలి. రెండోది, డ్రిబ్లింగ్ లేని పోటీలు. బంతి దొరకగానే ఒక్కడే ఉరకకుండా వెంటనే పక్కవాడికి అందించాలి. మన పిల్లల్లో బాగా ఆడేవాడికి ఉండే జబ్బు తెలుసు కదా, బంతి వాడి దగ్గరకు పోతే మళ్ళీ రాదు. ఆ జబ్బుకు ఆయన మందలింపుతో కాకుండా ఆట నియమంతోనే మందు వేశారు. ఇలాంటి ఉపాయం టీచరుకే తడుతుంది.

అయితే శిక్షణ ఒక్కటే చాలదు. ఆ రోజుల్లో హైదరాబాదులో అంతమంది ఆటగాళ్ళు ఎలా తయారయ్యారంటే, ఆడే కుర్రవాడికి పోలీసు శాఖలో ఉద్యోగం దొరికేది. నెల జీతం వస్తే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఇంట్లో పొయ్యి వెలిగితేనే కొడుకును మైదానానికి పంపుతారు. సికింద్రాబాదు కంటోన్మెంటులో సైన్యం జట్లు ఉండేవి. వాటిని చూసి బస్తీల్లో చిన్న చిన్న క్లబ్బులు పుట్టాయి. తులసీదాస్ బలరాం అలా వచ్చినవాడే. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో 1936లో పుట్టాడు. రహీం సాబ్ అతని ఆట చూసి హైదరాబాదు జట్టు శిక్షణకు రమ్మంటే, అంత దూరం రోజూ రావడానికి డబ్బుల్లేవన్నాడట. సైకిలు ఏర్పాటు చేసింది రహీం సాబే అని చెబుతారు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రవాడే 1956 మెల్బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ రెండింటిలోనూ దేశానికి ఆడాడు.

ఇది చదివినప్పుడు మా బ్యాచ్‌లోని ఒకడు గుర్తుకొచ్చాడు. పేరు రాయను. కబడ్డీలో వాణ్ణి పట్టేవాడు మా చుట్టుపక్కల హాస్టళ్ళలో లేడు. జోనల్ పోటీలకు ఎంపికయ్యాడు. బస్సు చార్జీలు, బూట్లు, రెండు రోజుల తిండి ఎవరు పెట్టుకోవాలో తేలేలోపు ఆ తేదీ దాటిపోయింది. ఇప్పుడు బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తున్నాడు. వాడికి తక్కువైంది ఆట కాదు.

మళ్ళీ విషయానికి వద్దాం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా ఆ ఆటలో మూడు గోల్స్ కొట్టాడు. చివరకు మనకు నాలుగో స్థానం దక్కింది. అది జరిగింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి నెలలో. ఆ జట్టులో హైదరాబాదు వాళ్ళు చాలామంది ఉన్నారు. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా ఆడారు.

ఇక జకార్తా. 1962 ఆగస్టు 24 నుంచి సెప్టెంబరు 4 వరకు నాలుగో ఆసియా క్రీడలు. (అప్పటికి మన మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1970లో గానీ ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా రాలేదు.) జట్టు కెప్టెన్ బెంగాలు వాడైన చునీ గోస్వామి. హైదరాబాదు, సికింద్రాబాదుల నుంచి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, బలరాం, యూసుఫ్ ఖాన్, అఫ్జల్ ఉన్నారు.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయాం. కొరియా అప్పటికి 1956, 1960 ఆసియా కప్పులు గెలిచిన జట్టు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్‌కు వచ్చాం. కానీ థాయిలాండ్ ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జర్నైల్ అంటే జట్టు వెనక గోడ. ఎదుటి జట్టు ముందు ఆటగాణ్ణి అడ్డుకునే స్టాపర్. స్టాపర్ పని గాల్లోంచి వచ్చే బంతినల్లా తలతో కొట్టి బయటికి పంపడం. తలకే కుట్లు పడితే ఆ పని ఎలా చేస్తాడు?

ఇక్కడే రహీం సాబ్ అసలు నిర్ణయం తీసుకున్నారు. జర్నైల్‌ను పక్కన పెట్టలేదు, వెనకనా ఉంచలేదు. అందరికంటే ముందు, సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. కార్నర్‌లో పట్టేవాణ్ణి కూతకు పంపినట్టు! వెనక ఉన్నవాడు వచ్చిన ప్రతి బంతినీ అడ్డుకోక తప్పదు. ముందున్నవాడైతే ఏ బంతికి పోవాలో, దేన్ని వదలాలో తానే ఎంచుకోవచ్చు. పైగా జర్నైల్ భారీ మనిషి. తలకు కట్టుతో ముందుకొచ్చేవాణ్ణి చూస్తే ఎదుటివాళ్ళకు గుబులు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచాం. చునీ గోస్వామి రెండు, జర్నైల్ ఒకటి.

ఈలోగా మైదానం బయట వేరే గొడవ మొదలైంది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ జట్లకు వీసాలు ఇవ్వలేదు. ఆసియా క్రీడలను మొదలుపెట్టినవారిలో ఒకరైన మన జి.డి. సోంధి దానికి అభ్యంతరం చెప్పారు. రెండు దేశాలను రానివ్వనప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా పిలుస్తారన్నది ఆయన వాదన. ఆయన మాట న్యాయమైనదే అని నా అభిప్రాయం, కానీ దాని ఫలితం మన ఆటగాళ్ళ మీద పడింది. ఫైనల్‌కు ముందు రోజు, సెప్టెంబరు 3న, జకార్తాలో జనం మన రాయబార కార్యాలయం మీద దాడి చేశారు. ఊళ్ళో భారతీయుడిగా కనబడటమే ప్రమాదమైంది. సిక్కు ఆటగాళ్ళు తలపాగాలు బయటికి కనబడకుండా బస్సులో వంగి కూర్చుని ప్రయాణం చేశారని తోటివాళ్ళు తర్వాత చెప్పారు.

సెప్టెంబరు 4, సెనయాన్ స్టేడియం. సోవియట్ సాయంతో ఆ క్రీడల కోసమే కట్టింది. దాదాపు లక్ష మంది జనం. మన జాతీయ గీతం వస్తున్నప్పుడు కూడా ఈలలు, కేకలు ఆగలేదంటారు. ఎదురుగా మొదటి ఆటలో మనల్ని ఓడించిన కొరియానే. ఆ లక్ష మందిలో మనకు చప్పట్లు కొట్టింది పాకిస్తాన్ హాకీ జట్టని మన ఆటగాళ్ళు ముసలితనంలో కూడా తలుచుకునేవారు. అవే క్రీడల్లో హాకీ ఫైనల్‌లో మనల్ని 2-0తో ఓడించినవాళ్ళు వాళ్ళే. చరిత్ర విద్యార్థిగా నాకిది పెద్ద పెద్ద ఒప్పందాల కంటే ఎక్కువ గుర్తుండిపోయింది.

సెమీఫైనల్‌లో గోల్ కాసింది ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కు జ్వరం నుంచి తేరుకున్న తంగరాజ్‌ను తిరిగి దించారు. తంగరాజ్ ఆరడుగులు దాటిన మనిషి. చేయెత్తితే ఎత్తు బంతి దాటిపోవడం కష్టం. జర్నైల్ మళ్ళీ ముందే. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. మరో మూడు నిమిషాలకు, 20వ నిమిషంలో, తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ రెండోది కొట్టాడు. ఆ తర్వాత గంటకు పైగా కాపుకాయడమే. 85వ నిమిషంలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది. మిగిలిన ఐదు నిమిషాలు ఎలా గడిచి ఉంటాయో వన్డే మ్యాచ్ చివరి ఓవర్ చూసిన మీకు వేరే చెప్పాలా? 2-1. బంగారు పతకం మనది.

మన దేశంలో అప్పుడు చాలా ఆటలు 70 నిమిషాలే ఆడేవారు. అంతర్జాతీయ ఆటకు 90 నిమిషాలు. ఆ చివరి 20 నిమిషాల్లో కాళ్ళు పట్టేయడం మనవాళ్ళకు పాత సమస్య. ఆ రోజు అదే 20 నిమిషాలు నిలబడ్డారు. పతకాన్ని నిలబెట్టింది ఆ ఊపిరే అనుకుంటాను.

రహీం సాబ్ మరో ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయారు. వయసు 53. 1964 ఆసియా కప్‌లో మనం రెండో స్థానంలో నిలిచాం, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కంచు పతకం వచ్చింది. అంతటితో సరి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం మళ్ళీ రాలేదు. ఒక మనిషి పోతే ఆట పోయిందనడం పూర్తిగా నిజం కాదు. కొరియా, జపాన్ స్కూళ్ళ నుంచే పిల్లలను తయారు చేసుకుంటూ పోయాయి. మనం మాత్రం మరో రహీం సాబ్ ఎప్పుడొస్తాడా అని చూస్తూ కూర్చున్నాం.

2024లో ఆయన మీద హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. రహీం సాబ్‌గా అజయ్ దేవగన్ నటించాడు. ఎక్కడైనా దొరికితే చూడండి. చూసేటప్పుడు బలరాంను ప్రత్యేకంగా గమనించండి. 1962లోనే అర్జున అవార్డు వచ్చినవాడు, ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, ఇరవై ఏడేళ్ళకే ఆట వదిలేయాల్సి వచ్చింది. అదే జట్టులోని చునీ గోస్వామికి, పి.కె. బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. అతనికి రాలేదు. కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో ఒంటరిగా ఉండి, 2023 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.